పాఠం ఒక ఇంట, అన్నం పది ఇళ్ళ

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు, మంచి మెంటార్ ఎక్కడ దొరుకుతాడని. అడగడం మంచిదే. కానీ కాస్త కదిపి చూస్తే వాళ్ళ మనసులో ఉన్న మనిషి మామూలు మనిషి కాదు. పని నేర్పాలి, పెద్దవాళ్ళకు పరిచయం చెయ్యాలి, ఇంక్రిమెంట్ల వేళ నాలుగు మంచి మాటలు చెప్పాలి, మనసు బాగాలేని రోజున ధైర్యం చెప్పాలి. ఇవన్నీ ఒక్కరే చెయ్యాలి. అలాంటివాడి కోసం వెతుకుతూ, పక్క కుర్చీలో ఉన్న అసలు మనిషిని దాటిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు గాయకుడు ఘంటసాల విజయనగరం రోజులు గుర్తొస్తాయి.

ఆ కథ మనలో చాలామందికి తెలిసిందే. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావుకు చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఆయన తరంగాలు పాడేవాడు, మృదంగం వాయించేవాడు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన కోరిక. ఆ కోరిక పట్టుకుని, వేలి ఉంగరం అమ్మిన డబ్బుతో కుర్రవాడు విజయనగరం చేరాడు. చేరేసరికి మహారాజా సంగీత కళాశాలకు వేసవి సెలవులు. ఆవరణలో తలదాచుకోనిచ్చారు గానీ, తోటి పిల్లలు చేసిన తప్పు తన మీద పడి ఆ చోటూ పోయింది. అప్పుడు చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు, సాలూరు చిన గురువుగారని పేరున్న ఆయన. పైసా పుచ్చుకోకుండా తన ఇంట్లోనే పాఠం మొదలుపెట్టారు.

శాస్త్రిగారిది లేని సంసారం. ఎదిగే పిల్లవాడికి రెండు పూటలా కడుపు నింపే స్తోమత ఆ ఇంటికి లేదు. అందుకని శిష్యుడు భుజాన జోలె కట్టుకుని వీధుల్లో మాధుకరం ఎత్తుకున్నాడు. పొద్దుట తెచ్చుకున్న అన్నంలో మిగిలింది రాత్రికని గుడ్డలో మూటకడితే చీమలు పట్టేవి. మేనమామకు ఉత్తరం రాసి, ఆయన పంపిన డబ్బుతో ఒక డబ్బా కొనుక్కుని అందులో దాచుకునేవాడు. సెలవులు అయిపోయాక కళాశాలలో చేరి, నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో ముగించాడు.

దీన్ని మనం ఎప్పుడూ పేదరికం కథగా, పట్టుదల కథగా చెప్పుకుంటాం. నా మటుకు నాకు ఇందులో గురువు దగ్గర ఏం అడగాలో, ఏం అడగకూడదో కనిపిస్తుంది. గురువు దగ్గర లేనిదాన్ని ఆ పిల్లవాడు గురువు దగ్గర వెతకలేదు. పాఠం ఒక ఇంట, అన్నం పది ఇళ్ళ. అన్నం దొరకని ఇంట్లో పాఠం మాత్రం ఏం బాగుంటుందని లేచిపోలేదు. గురువు వైపు నుంచి చూస్తే ఇంకా పెద్ద విషయం ఉంది. తిండి పెట్టలేనివాణ్ణి, వీణ్ణి ఏం ఉద్ధరిస్తానని శాస్త్రిగారు వెనక్కి తగ్గలేదు. ఆఫీసుల్లో చాలామంది సీనియర్లు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. "నా మాటే చెల్లదు, నీకేం చెయ్యగలను" అంటారు. చెయ్యగలిగింది ఒకటుంటుంది, తమకు తెలిసిన పని కూర్చోబెట్టి చూపించడం. దాన్ని లెక్కలోకే తీసుకోరు.

అదే కళాశాలలో ఇంకో రకం పెద్దరికమూ జరిగింది. 1919లో అది మొదలైనప్పుడు ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, నువ్వు నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి రావాలని ఆచార్య పదవి ఇచ్చారని చెబుతారు. నాయుడుగారు అప్పటికి చిన్న వయసువారే. ఎదుటివాడి విద్య పక్వానికి వచ్చిందని గుర్తుపట్టడం గొప్ప చూపు, కానీ ఆ చూపు పనికొచ్చేది విద్య ఉన్నవాడికి. ఘంటసాల జీవితంలో మూడో రకం మనిషి సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యగారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళి వచ్చిన ఆ యువకుణ్ణి మద్రాసు రమ్మని, సినిమావాళ్ళకు పరిచయం చేశారు. 1945లో స్వర్గసీమలో గొంతు వినిపించింది. సముద్రాల సంగీతం నేర్పలేదు, తలుపు తీశారు. ఆ తలుపు విజయనగరం కంటే ముందు తెరుచుకుని ఉంటే, లోపలికి వెళ్ళి ఏం పాడేవాడు?

నేటి పిల్లలు వెతికేది ఎక్కువగా సముద్రాల కోసం. ఉద్యోగంలో తొలి రోజుల్లో కావలసింది సీతారామశాస్త్రి. ఈ మాట అనుభవంతో అంటున్నాను.

నేను పత్రికలో డెస్కు మీద చేరినప్పుడు మా చీఫ్ సబ్ ఒకాయన ఉండేవారు. ఎడిటర్ దగ్గర పలుకుబడి లేదు, ఆయన సిఫార్సుతో ఎవరికీ ఏదీ రాలేదు. జిల్లాల నుంచి కంట్రిబ్యూటర్లు పంపే వార్తలు తిరగరాయడం మా పని. రాసిన కాపీ ఆయన ముందు పెడితే, తన వాక్యం ఎప్పుడూ రాసేవారు కాదు. మార్జిన్‌లో ఒక ప్రశ్న రాసి వెనక్కి ఇచ్చేవారు. వర్షాలకు వందలాది ఎకరాలు నీట మునిగాయని ఉంటే, పక్కన "ఎవరు కొలిచారు?" రైతులు ఆందోళన వ్యక్తం చేశారంటే, "ఏమన్నారు?" ఇక కంట్రిబ్యూటర్‌కు ఫోను. అవతల ఆయన కాసేపు నసిగి, నష్టం అంచనా ఇంకా వెయ్యలేదని వీఆర్వో చెప్పాడనీ, కాలవ గట్టు మీద నిలబడి చూసిన రైతు మాటే రాశాననీ చెప్పేవాడు. వార్త సగానికి సగం తగ్గేది. ఆ సగంలో గట్టు మీది రైతు ఉండేవాడు, అంచనా వెయ్యలేదన్న మాట ఉండేది. జిల్లా ఎడిషన్ వెళ్ళే వేళ, కిందనుంచి ప్రెస్సువాళ్ళు కేకలేస్తున్నా, ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఆయన పేజీ వదిలేవారు కాదు. నేను బాగుపడాలన్న దయ అది కాదని నా నమ్మకం. రేపు పొద్దున ఆ ఊళ్ళో పేపరు చదివే మనిషికి అబద్ధం అందకూడదన్న పట్టుదల. ఆయన శ్రద్ధ నా మీద కంటే పని మీద ఎక్కువ. అందుకే ఆయన్ని నమ్మగలిగాను. మన మీద మాత్రమే శ్రద్ధ ఉన్న పెద్దమనిషికి మన మీద ఎప్పుడైనా కోపం రావచ్చు, విసుగు రావచ్చు. పని మీద శ్రద్ధ ఉన్నవాడు మనతో మాట్లాడటం మానేసిన రోజున కూడా కాపీ దిద్దుతాడు.

మన దగ్గర ఈ విషయం ఇంకో చోట చెడిపోతోంది. కొత్తవాడు వస్తే "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అన్న ప్రశ్న ముందు పుడుతుంది. ఇంటిపేరూ జిల్లా కుదిరితే మనవాడు, లేకపోతే ఎవరో. ఆ రకంగా దొరికిన అండ అండే అవుతుంది గానీ గురుత్వం కాదు. మనవాడన్న ప్రేమతో ఎవరూ తప్పు చూపించరు, పైగా కప్పిపెడతారు. అలాంటి నీడలో పదేళ్ళు గడిపి, ఆ పెద్దాయన రిటైరైన మర్నాడు ఏ పనీ చేతకాక నిలబడిపోయిన సమర్థులను చూశాను. వాళ్ళను తలచుకుంటే బాధగా ఉంటుంది. ఆడపిల్లల కష్టం మరొకటి. నిజంగా పని నేర్పగల సీనియర్ దగ్గర ఓ అరగంట ఎక్కువ కూర్చుంటే చాలు, చుట్టూ గుసగుసలు. దానికి భయపడి నేర్చుకోవడం మానుకున్నవాళ్ళున్నారు, నేర్పడం మానుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ నష్టాన్ని సంస్థలు గుర్తించకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నేర్పినవాళ్ళకు ఏం మిగులుతుందని అడుగుతారు. శాస్త్రిగారి కుమారుడు సంగీతరావుగారు తర్వాత మద్రాసులో ఘంటసాల పక్కన హార్మోనియం పట్టుకుని, సంగీత సహాయకుడిగా ఏళ్ళ తరబడి పనిచేశారు. జోలె కట్టుకున్న పిల్లవాణ్ణి ఇంట్లోకి రానిచ్చిన రోజున శాస్త్రిగారు ఇది ఊహించి ఉంటారని నేననుకోను.

మా తమ్ముడి కూతురు గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. లింక్డిన్‌లో పెద్ద పెద్దవాళ్ళకు ఉత్తరాలు రాసి జవాబు రాక దిగులుపడుతుంటే, నీ కోడ్ ఎవరు చూస్తారమ్మా అని అడిగాను. "టీమ్‌లో ఒకాయన ఉన్నాడు పెదనాన్నా. ప్రతి లైనుకూ ఎందుకు రాశావని కామెంట్ పెడతాడు. ప్రాణం తీస్తాడు. మేనేజర్ కూడా కాదు, ప్రమోషన్‌కి ఆయన మాట పనికిరాదు" అంది. ఆ కామెంట్లలో ఒకటి చదివి వినిపించమన్నాను. ఇప్పుడిలా రాస్తే రేపు ఈ ఫైలు తెరిచే కొత్తవాడికి అర్థమవుతుందా అని ఉంది అందులో. ఆయన్నే పట్టుకో అని చెప్పాను. ఇప్పుడు వారానికోసారి టీ వేళ ఆయన దగ్గర కూర్చుంటోంది. ప్రమోషన్ సంగతి మేనేజర్నే అడుగుతోంది. ఆయన్ని అడగడం లేదు.