నాటిన చేయే కాయాలి



మన విచారణలలో లూర్దుమాత గుహ లేని దేవాలయ ఆవరణ అరుదు. గుహ పక్కన ఒక మామిడో, వేపో, కానుగో ఉంటుంది. ఆ నీడలో బంతి పూయదు, గులాబీ నిలదొక్కుకోదు. అందుచేత నీడను తట్టుకునే మొక్కలు తెచ్చి పెడతాము. మనీప్లాంటు, బాణపు ములుకువంటి ఆకుల సింగోనియం, నేలమీద చాపలా పరుచుకొని పసుపుపచ్చని పూలు పూసే వెడేలియా. నీళ్లు పోసినా పోయకున్నా ఇవి బ్రతుకుతాయి. మరియతల్లి పాదాల చెంత పచ్చగా ఉండాలన్నది మంచి కోరికే. దానిని తప్పుపట్టేవారెవరు?

అయితే తెచ్చినదాని స్వభావం తెలిసి ఉండాలి. వెడేలియా మధ్య అమెరికా, కరీబియన్ దీవుల నుండి అందం కోసం దేశదేశాలకు వెళ్లిన తీగ. దాని కాడ నేలకు తగిలిన ప్రతి కణుపు దగ్గర వేరు దిగుతుంది. వేలెడు ముక్క తెగిపడినా అది మరొక మొక్క అవుతుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే వంద ఆక్రమణ జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వారు 2000లో ప్రకటించిన పట్టికలో దీని పేరున్నది. అడవులను కమ్మిన లంటానా, అదే మన తలంబ్రాల మొక్క, కొల్లేటిని కప్పే గుర్రపుడెక్క కూడా ఆ పట్టికలోనివే. ఆ రెండింటినీ మొదట మన దేశానికి తెచ్చింది పూల సొగసు చూసే. మనీప్లాంటు సంగతి మరీ చిత్రం. కుండీలో ఉన్నంతకాలం ఆకు అరచేయంత. చెట్టు ఎక్కనిచ్చామా, అదే తీగకు పళ్లెమంత ఆకులు వచ్చి, మాను కనబడకుండా పోతుంది.

(మనీప్లాంటును దొంగిలించి తెచ్చుకుంటేనే ఇంట్లో డబ్బు నిలుస్తుందని మన విశ్వాసులలో కొందరు కూడా నమ్ముతారు. ఏడవ ఆజ్ఞను మీరి తెచ్చుకున్న ఐశ్వర్యం ఎంతకాలం నిలిచేది? అడిగితే ఒక కొమ్మ ఇవ్వని ఇల్లాలు ఎక్కడైనా ఉన్నదా?)

గోధుమల మధ్య కలుపును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు (మత్తయి 13:24-30). అక్కడ అందరూ నిద్రించు వేళ శత్రువు వచ్చి చల్లిపోయాడు. ఇక్కడ శత్రువెవడూ రాలేదు. పట్టపగలు, మన చేతులతో, ఇష్టపడి నాటుకున్నాము. దేవుడు మానవుని ఏదెను తోటలో ఉంచినపుడు రెండు పనులు అప్పగించాడు: దానిని సేద్యము చేయుట, దానిని కాచుట (ఆది 2:15). 2015లో పోప్ ఫ్రాన్సిస్ తమ 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ వాక్యాన్నే తీసుకొని, కాచుట అంటే కనిపెట్టి ఉండుట, సంరక్షించుట అని వివరించారు. మనం మొదటి పని ఉత్సాహంగా చేస్తాము. రెండవది పక్కింటివారి పని అనుకుంటాము.

కాచుట ఎలాగంటారా? మనీప్లాంటును, సింగోనియాన్ని కుండీలోనే పెంచండి. కుండీని మట్టిమీద కాక బండమీద పెట్టండి, లేకుంటే అడుగు రంధ్రంలో నుండి వేరు నేలలోకి దిగుతుంది. తీగను చెట్టు మొదలుకు తాకనివ్వవద్దు. వెడేలియాకు ఇటుకల గట్టు కట్టినా చాలదు, గట్టుమీదుగా దాటుతుంది. వారానికొకసారి అంచు కోయవలసిందే. కాలువ పక్కన, పొలం పక్కన అయితే అసలు నాటవద్దని నా మాట.

ప్రియులారా, మన కుటుంబాలలో కూడా అలంకారం కోసం తెచ్చుకున్న మొక్కలున్నాయి. ఒక్కదాని మాటే చెబుతాను. జ్ఞానస్నానపు విందులో బావమరిది బలవంతం కాదనలేక ఒక గ్లాసు పుచ్చుకుంటాడు ఇంటి యజమాని. కానాపల్లె పెండ్లిలో ప్రభువే ద్రాక్షారసం ఇచ్చాడు కదా అంటాడు. నిజమే, మితముగా త్రాగిన ద్రాక్షారసాన్ని సీరా జ్ఞానగ్రంథం నిందించదు (31:27-28). కాని కోరికల వెంటబడి పోవద్దనీ, వాటిని అదుపులో ఉంచుకోమనీ హెచ్చరించినది కూడా ఆ గ్రంథమే (18:30). విందుకు వచ్చినది ఆదివారానికి వస్తుంది. ఆదివారానిది కూలి డబ్బు చేతికందిన ప్రతి సాయంత్రానికీ వస్తుంది. నేలకు తగిలిన ప్రతి చోటా ఒక వేరు. పదేళ్ల కొడుకును పిలిచి, సోడా, కారప్పూస తెమ్మని అంగడికి పంపే తండ్రులను మీరూ చూసే ఉంటారు. బాబూ, కాడ ఆ పసివాడి దగ్గర నేలను తాకినది! మిగిలిన డబ్బులు వాడినే ఉంచుకోమంటారు, అదొక ముద్దు. కొందరికి కుండీ కూడా పనికిరాదు. ఒక గ్లాసుతో ఆగలేమని ఎరిగినవారు వేరుతో సహా తీసివేయాలి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇక పండుగ ముందు గుహ శుభ్రం చేసే మన యువకులు కోసిన తీగను తట్టలకెత్తి ప్రహరీ అవతల, కాలువ గట్టున పారవేస్తారు. ఆవరణ బాగుపడుతుంది, గట్టు పాడవుతుంది. తాను మానివేశానని విచారణ అంతటా చెప్పుకొని, కూతురి పెండ్లిలో పదిమందికి సీసాలు తెప్పించి పోయించే పెద్దమనిషి చేసేదీ అదే పని. తన ఇంటి కలుపు పది ఇండ్లకు పంచుతున్నాడు.

అక్టోబరు జపమాల మాసానికి గుహ సిద్ధం చేసేవారికి ఒక మనవి. కోసిన కాడలు గోనె సంచులకెత్తి, సిమెంటు అరుగుమీద ఎండలో పరచి, చేత నలిపితే పొడి అయ్యేదాకా ఎండనివ్వండి. పచ్చిగా ఎరువు గుంటలో వేయవద్దు. ఒక్క శనివారంతో అయ్యే పని కాదిది. పాపసంకీర్తనానికి ఏడాదికొకసారి వచ్చేవారికి ఈ మాట కొత్తగా అనిపించవచ్చు, నెలనెలా వచ్చేవారికి తెలుసు. మూడు వారాలకు మరల వచ్చి చూడండి. వాన పడిన మరునాడు తప్పక చూడండి. గుహ ముందు కాదు, రాళ్ల సందులలో, మామిడి మొదలు వెనుక.