ఇసుక తీరం, మొదటి అల





శ్రీలంక దక్షిణ తీరంలో వెలిగామ అనే ఊరుంది. సింహళంలో 'వెలి' అంటే ఇసుక, 'గమ' అంటే గ్రామం. పలక మీద నిలబడి అలలపై సాగే ఆట, అదే సర్ఫింగ్, నేర్చుకోవాలనుకునేవాళ్లు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడికి వస్తారు. ఎందుకక్కడికే? అడుగున పదునైన రాళ్లు కాదు, ఇసుక ఉంటుంది. లోతు మెల్లమెల్లగా పెరుగుతుంది.

ఉదాన గ్రంథంలోని ఉపోసథ సుత్తంలో బుద్ధుడు ధమ్మాన్ని సముద్రంతో పోల్చాడు. సముద్రం ఒక్కసారిగా లోతుకు దిగదు, క్రమంగా దిగుతుంది. ధమ్మంలో శిక్షణ కూడా అంతే. ఇంకో పోలిక మనకు ప్రాణం లాంటిది. నదులు సముద్రంలో కలిశాక పాత పేర్లు పోయినట్టే, నాలుగు వర్ణాలవాళ్లూ సంఘంలో చేరాక పాత పేర్లు వదిలేస్తారు.

కొత్తవాళ్లను మొదటి రోజే పెద్ద అలల్లోకి పంపరు. ముందు పొడి ఇసుక మీద పలక పెట్టి, బోర్లా పడుకుని లేచి నిలబడటం నేర్పుతారు. తర్వాత నడుము లోతు నీళ్లలో, విరిగిన అల నురుగు మీద. పలకకూ కాలికీ తాడు కడతారు. చూపు కాళ్ల మీద కాదు, ముందుకుండాలి. అయినా అందరూ పడతారు. తాడు ఉంది గనక పలక ఎక్కడికీ పోదు. దగ్గరికి లాక్కుని మళ్లీ ఎక్కుతారు.

ఇప్పుడు మన సంగతి చూడండి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం చేయను, పిండం పెట్టను అన్నది ఒకటి. దీక్ష రోజు అందరం గట్టిగా పలుకుతాం. ఇంట్లో చావు వచ్చినప్పుడు చుట్టాలు చుట్టూ చేరి, "పిండం పెట్టకపోతే తండ్రికి గతులుంటాయా?" అంటారు. అదే పెద్ద అల. ఆ రోజు కాలు జారినవాళ్లున్నారు. వాళ్లను చూసి "నువ్వేం బౌద్ధుడివి?" అని మనలోనే కొందరు దూరం పెడతారు. అది ధమ్మం కాదు. వెలివేతలో బాధ ఏమిటో మనకన్నా ఎవరికి తెలుసు?

పడ్డవాళ్లకు చెయ్యి అందించండి. పడ్డవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి: పడటం వేరు, పలక వదిలేయడం వేరు. పంచశీల మన కాలికి కట్టుకున్న తాడు. అది తెగకుంటే మళ్లీ ఎక్కొచ్చు.

పొడి ఇసుక మీద సాధన మరిచిపోకండి. చావు వచ్చిన రోజున కాదు, ఇవాళే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. త్రిసరణ ఎవరు చెప్పాలి, ఎవరికి కబురు పెట్టాలి అన్నది ముందే అనుకోండి. పెద్దవాళ్లు తమ కోరికను నలుగురి ముందు చెప్పి ఉంచాలి. అప్పుడు అల వచ్చినా కాళ్లకు నిలబడటం తెలిసి ఉంటుంది.

భవతు సబ్బ మంగలం.