ఆకుపచ్చని యిసుక

హవాయి దీవులలో పెద్దదానికి దక్షిణాగ్రమున కా లాయె అను భూశిరము కలదు. దాని సమీపమునుండి ఈశాన్యముగా, నీడలేని తీరమున, గాలి కెదురుగా సుమారు 4 కిలోమీటర్లు నడచినవారు పాపకోలేయ యను చిన్న అఖాతమును చేరుదురు. అచ్చటి యిసుక ఆకుపచ్చనిది.

కారణ మరయుడు. మౌనా లోవా అగ్నిపర్వతపు పార్శ్వమున సుమారు 49,000 సంవత్సరముల క్రిందట ప్రేలుడువలన పూ మహానా యను గుట్ట యేర్పడినది. అందు బూడిదతో ఒలివీన్ అను ఆకుపచ్చని ఖనిజము కలిసియున్నది. సముద్రము గుట్టను కోయుచున్నది. తేలికయగు బూడిదను అలలు కొనిపోవును. బరువైన ఒలివీన్ ఒడ్డున నిలుచును.

వివేకము పని ఇట్టిదే. సాధకుడు వెలుపలినుండి క్రొత్తవన్నె తెచ్చి పూసికొననక్కరలేదు. తనలోని తేలికయైనది తొలగవలెను. కాని మనమో, వన్నెను కోరి అలను వలదందుము! దుఃఖము తాకినంతనే భగవంతుని నిందింతుము. ఆ తాకిడిలో మననుండి ఏమి కొట్టుకొనిపోయినదో చూడము.

ఉపమానమున కొక హద్దు కలదు. ఒలివీన్ సైతము నిత్యము కాదు. అదియు క్రమముగా అరిగి మార్పుచెందును. గుట్ట తరుగుచున్నంతవరకే క్రొత్త యిసుక రాలును. అది తెలిసియు కొందరు యాత్రికులు గుప్పెడు మూటగట్టుకొని పోవుదురు. చట్టము దానిని నిషేధించినది. అంత దూరము నడచినది చూచుటకా, మోసికొనిపోవుటకా?