రెండు మళ్లు, రెండు తూనికరాళ్లు

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 25:13-16



మా కాణిపాకము ప్రమాణములకు పేరుపొందిన ఊరు. అప్పు విషయములోనో దొంగతనము విషయములోనో తగవుపడినవారు దూరప్రాంతములనుండి సయితము వచ్చి, ఇచ్చటి కోనేట స్నానమాడి, వినాయకుని యెదుట ప్రమాణము చేయుదురు. అచ్చట అబద్ధమాడుటకు జనులు జంకుదురు. మన ప్రభువైతే కొండమీది ప్రసంగములో, ఒట్టుతో పనిలేకుండ మన మాటయే నిజమై యుండవలెనని బోధించెను. కాని ఎవరును ప్రమాణము అడుగని చోట్లు కలవు. మన తోటలనుండి చిత్తూరు మార్కెట్టుకు పోవు వంకాయల గంప అట్టిది. ఈ కాయపై ఏమి చల్లితివి, ఎప్పుడు చల్లితివి అని కొనువారు అడుగరు. అడుగబడని ఆ ప్రశ్నకు కాయయే మన జవాబు.

పల్లెలలో ఒక అలవాటును మేము చూచుచున్నాము. పెరటిలో రెండు మూడు వంగచెట్లను, చిక్కుడు పాదును మందు తగులకుండ పెంచుదురు. అవి ఇంటి పిల్లలకు. పొలములోని వంగతోట మార్కెట్టుకు. దానికి వారము తిరుగకుండ మందు కొట్టుదురు. సంచిలో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి తూనికరాళ్లు దాచుకొనుట దేవునికి అసహ్యమని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆ మాట చదువునప్పుడు మనము అంగడివానిని తలంచుకొందుము. మన పిల్లలకొక మడి, పొరుగువారి పిల్లలకొక మడి ఉన్నయెడల, ఆ సంచి మన భుజముననే లేదా?

రైతు కష్టమును ఎరిగియే ఈ మాట వ్రాయుచున్నాము. వంగను పాడుచేయు పురుగు గ్రుడ్డునుండి వెలుపలికి వచ్చిన కొద్ది గంటలలోనే మొవ్వులోనికో కాయలోనికో తొలుచుకొని పోవును. లోపలికి పోయినదానికి పైన చల్లిన మందు తగులదు. అందుచేత భయముతో మరల మరల కొట్టుదురు. కాయయేమో నాలుగైదు దినములకొకసారి కోతకు వచ్చును. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకమును ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. తక్కిన మందులకును చల్లిన తరువాత ఎన్ని దినములు ఆగి కోయవలెనో నియమము కలదు. అయితే సాయంకాలము మందు కొట్టి తెల్లవారి కాయ కోయు చేతిని ఆపవలసినది మనస్సాక్షియే.

మరి పురుగును విడిచిపెట్టవలెనా? అట్లు కాదు. ఆదామునకు దేవుడిచ్చిన పని తోటను సేద్యపరచుటయు కాచుటయు (ఆది. 2:15). కావలివాడు కనబడిన ప్రతివానిని కొట్టడు. ఎవడు దొంగయో ఎవడు ఇంటివాడో ఎరుగును. చిక్కుడు తీగెకు పట్టిన పేనుబంకను అక్షింతల పురుగును దాని పిల్లపురుగును తినివేయును. పిల్లపురుగు చూపునకు వికారముగా నుండుటచేత కొందరు దానినే నలిపివేయుదురు. విషము చల్లినప్పుడు దొంగతోకూడ కావలివాడును చచ్చును. తరువాత దొంగయే ముందుగా తిరిగి వచ్చును. గురుగులను పెరుకబోయి గోధుమలను పెరుకవద్దని ఉపమానములోని యజమానుడు ఆపినది ఇందుకే గదా (మత్తయి 13).

కాచు పద్ధతులు మనకు తెలియనివి కావు. వంగలో వాడి వ్రేలాడు మొవ్వులను పురుగుతోసహా త్రుంచి కాల్చవలెను. పుచ్చుకాయలను తోటలో పారవేయరాదు. లింగాకర్షక బుట్టలు మగ రెక్కల పురుగులను పట్టును. టమాటా సాళ్లమధ్య బంతిని, గట్టున ఆముదమును నాటినయెడల పురుగులు వాటిపై గ్రుడ్లు పెట్టును. వాటిని ఏరివేయుట సులభము. ఎండిన వేపగింజల పప్పు 50 గ్రాములు నలిపి, మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడకట్టి, కొంచెము సబ్బునీరు కలిపి చల్లవచ్చును. ఎండకు దాని బలము తగ్గును గనుక సాయంకాలమే చల్లవలెను. వేపలోని అజాడిరాక్టిన్ పురుగును తక్షణమే చంపదు; దానిచేత తిండి మాన్పించి, ఎదుగుదలను ఆపును.

చెట్టునుండి వచ్చినదంతయు నిరపాయమని ఎంచరాదు. పొగాకు కషాయము మనుష్యునికిని విషమే. కావున అంగడి మందా, ఆకు మందా అనునది మొదటి ప్రశ్న కాదు. ఈ మడిలోని కాయను మన బిడ్డ పళ్లెములో పెట్టుదుమా? ఇదియే ప్రశ్న.

ఈ మార్గమున పని ఎక్కువ. కొన్ని కాయలు పుచ్చిపోవును. ఆ నష్టమును ఎవరు భరించవలెను? పట్టణములోని విశ్వాసులారా, చిన్న రంధ్రము చూచి కాయను విసరివేసి, నిగనిగలాడుదానినే ఏరుకొనువారు రైతు చేతికి మందు సీసా అందించుచున్నారు. తూనికరాయి కొనువాని చేతిలోను ఉన్నది. పొలపు ఓరలను బీదలకు విడువుమని ఇశ్రాయేలీయులకు దేవుడు ఆజ్ఞాపించెను (లేవీ. 19:9). పంటయంతయు తనకే దక్కవలెనను పట్టుదలను విడుచుట ఆనాడే భక్తిలో భాగమాయెను. రెండు పుచ్చుకాయలు పోయినను మంచి కాయలకు తగిన వెల యిచ్చుట మన కాలపు పొలపు ఓర.

ఒంటరిగా చేయుట కష్టము. అప్పటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామములో ప్రత్తి రైతులు మందుల అప్పులలో మునిగియుండిరి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో వారు వేపకషాయము మొదలైన పద్ధతులకు తిరిగి, ఊరంతయు కలిసి పురుగుమందులను మానివేసిరి. మన రాష్ట్రములో 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యపు కార్యక్రమము మొదలైనది. పొరుగు చేలవారు కలిసి నడచినయెడల ఒకని కావలి అందరికి కావలియగును.

కోత పండుగనాడు మన సంఘములలో కూరగాయలు, ధాన్యము తెచ్చి ప్రభుని బల్లయొద్ద ఉంచుదుము. ఆ అర్పణయు, మన యింటి కూరయు, మార్కెట్టుకు పోవు గంపయు ఒక్క మడినుండియే వచ్చునట్లు దేవుడు మనకు ధైర్యమును, ఓర్పును అనుగ్రహించును గాక. ఆమేన్.