పనిలో పుట్టే ఇష్టం



మనసుకు నచ్చిన పని ఎక్కడో సిద్ధంగా ఉంటుందని, అది దొరికితే చాలు సుఖపడిపోతామని చదువు ముగించే వయసులో చాలామంది అనుకుంటారు. తీరా చూస్తే వరస వేరుగా ఉంటుంది. చేయగా చేయగా పని పట్టుబడుతుంది. పట్టుబడినకొద్దీ ఇష్టం ముదురుతుంది. గిడుగు వెంకట రామమూర్తి జీవితం ఇందుకు ఉదాహరణ.

1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో ఆయన పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోవడంతో మెట్రిక్యులేషన్ కాగానే 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. అది బతుకుతెరువు కోసం పట్టిన ఉద్యోగం. సవరలనే గిరిజనుల మీదికి ధ్యాస మళ్లింది ఆ ఊళ్లోనే. దగ్గరి కొండల్లో ఉండే వాళ్ల భాషకు అప్పటికి లిపి లేదు, అందులో చదువు చెప్పే బడి లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక వ్యక్తిని ఇంట్లో పెట్టుకుని రామమూర్తి సవర నేర్చుకున్నారు.

సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. పలుకుతూ పలుకుతూ గొంతులోనే గాలి చటుక్కున ఆగే ధ్వని అందులో ఉంది. దాన్ని రాయడానికి తెలుగు అక్షరం చాలదు. అలాంటి ధ్వని తేలాలంటే ఒకే మాటను పదిమంది నోట వినాలి, రాసుకోవాలి, కొట్టేసి మళ్లీ రాయాలి. చూసేవాళ్లకు అది చాకిరీ. లోతు తెలిసినవాడికి అందులోనే రుచి.

ఆ రుచి ఆయన ఒక్కరితో ఆగలేదు. సవరలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. నిఘంటువు ఆ తరవాత వచ్చింది. నలుగురికి అక్కరకొచ్చిన పని ఇచ్చే తృప్తి బిరుదుల కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇష్టమైన పనికీ ఖరీదు ఉంటుంది. అడవుల్లో తిరిగినందుకు మన్యపు జ్వరం, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు ఆయనకు మిగిలాయి. ధ్వనులను వెతికిన మనిషికి వినికిడే పోయింది. అయినా ఆయన తెలుగు రాతలో వ్యావహారిక భాష వాడాలని వాదిస్తూనే ఉన్నారు; 1940లో కన్నుమూసే దాకా కలం వదల్లేదు. అలాగని ఒళ్లు గుల్ల చేసుకోవడం ఆదర్శం కాదు. ఆరోగ్యాన్ని కాచుకోవడం కూడా పనిలో భాగమే.

ఇష్టం కోసం ఉద్యోగం వదిలేయాలన్న నియమమూ లేదు. రామమూర్తి పంతులుగిరీ సవర కృషీ ఏళ్ల తరబడి పక్కపక్కనే సాగాయి. కొందరికి ఇష్టమే జీవనోపాధి అవుతుంది. కొందరికి ఉపాధి ఒకటి, ఇష్టం మరొకటి. రెండూ గౌరవమైనవే.

ఫలానా పని నిజంగా ఇష్టమో కాదో తేల్చుకోవడానికి ఒక గురుతు ఉంది. మెప్పు వచ్చే భాగం ఎవరికైనా బాగుంటుంది. ఎవరూ చూడని, విసుగు పుట్టించే భాగాన్ని మర్నాడు కూడా కూర్చుని చేయాలనిపిస్తే ఆ ఇష్టం గట్టిదే. అలా అనిపించకపోతే పని మార్చుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ మాట తేలాలంటే ముందు కొంతకాలం ఒళ్లు వంచి చేసి చూడాలి.

ఇట్లు,
తాతయ్య