వానికేమి తక్కువ?

ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక పెద్దాయన ఆరాధనానంతరము నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, మా మనవడు నెలరోజులుగా గదిలోంచి రావడంలేదు. సరిగా తినడు, నిద్రపోడు. వాడికేమి తక్కువ? మా నాన్న బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళంనుంచి చేతిసంచితో ఈ ఊరు వచ్చాడు. ఆ కష్టంలో వీడిది ఎన్నోవంతు?" అని అడిగెను.

ఈ ప్రశ్న కాఠిన్యమునుండి పుట్టినది కాదు, భయమునుండి పుట్టినది. అయినను న్యాయమైన ప్రశ్నయేనా? ఒకని ఆకలి మరియొకని దుఃఖమును అబద్ధము చేయగలిగినయెడల, లోకములో అందరికంటె ఎక్కువ బాధపడిన ఒక్క మనిషికి తప్ప ఎవరికిని కన్నీరు విడుచు హక్కు ఉండదు.

ఏలియాను చూడుడి. కర్మెలుమీద జయము పొందినవాడు అంతలోనే అరణ్యములో చెట్టుక్రింద కూర్చుండి చావు కోరుకొనెను (1 రాజులు 19). ఆ ప్రార్థనలో అతడు తన్ను తన పితరులతో పోల్చుకొనెనని మనము గమనింపకయే చదివిపోవుదుము. తాతగారు చేతబట్టుకొనిన త్రాసు అదియే! ఆ కుఱ్ఱవాడు అందులో తన్ను తాను ఎన్నడో తూచుకొని, తేలిపోతినని తీర్పు చెప్పుకొని యుండును. మరల మనము తూచుటవలన ప్రయోజనమేమి?

దూత ఆ పోలికకు బదులు చెప్పలేదు. విశ్వాసము తగ్గినదని గద్దింపలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు, అంతే. అతడు తిని మరల పండుకొనగా పండుకొననిచ్చెను. రెండవమారు లేపి మరల తినుమనెను. దేవుడు ప్రశ్న వేసినది ఎంతో తరువాత, హోరేబులో.

ఖరగ్‌పూరులోనే, పూర్వపు హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనములలో 1951లో ప్రారంభమైన ఐ.ఐ.టి. ఉన్నది. అక్కడి విద్యార్థుల మరణములు అందరినీ కలచివేసిన 2025లో ఆ సంస్థవారు "క్యాంపస్ తల్లులు" అను ఏర్పాటును ప్రకటించిరి. ఆవరణలో నివసించు స్త్రీలు విద్యార్థులను పిలిచి, టీ ఇచ్చి, భోజనము పెట్టి, మాటలాడుదురట. కొందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ రొట్టె జ్ఞాపకము వచ్చినది.

అయితే రొట్టెతోనే సరిపెట్టుకొనువారితో నేను ఏకీభవింపను. మనోవ్యాధియు వ్యాధియే. జ్వరము వచ్చిన బిడ్డకొరకు ప్రార్థించి వైద్యునియొద్దకు తీసికొనిపోవు మనము, ఈ వ్యాధియందు మాత్రము ప్రార్థన యొకటే చాలునని ఎందుకు తలంచుదుము? వైద్యవిద్య ప్రవేశపరీక్షకై బంగాళమునుండి విశాఖపట్టణము వచ్చి చదువుచు, 2023లో మరణించిన 17 ఏండ్ల బాలిక విషయమై ఆమె తండ్రి న్యాయస్థానమునకు వెళ్లెను. 100 మందికి తక్కువ కాని విద్యార్థులున్న ప్రతి సంస్థయందును అర్హతగల మానసిక సలహాదారుగాని అట్టి శిక్షణ పొందినవారుగాని ఒకరైనను ఉండవలెనని సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యములో 2025 జూలై 25న ఆదేశించెను. మన తాతలు వచ్చిన దారిలోనే ఎదురుగా వెళ్లిన బిడ్డ!

పెద్దాయనతో నేను చెప్పినది కొంచెమే. "ఈ రాత్రి మీ నాన్నగారి మాట ఎత్తకండి. కంచం తీసుకొని వాడి గదికి వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా అని సూటిగా అడగండి. అడిగినంతమాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అప్పుడే 14416కు ఫోను చేయండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అది, తెలుగులోనూ మాట్లాడతారు. ఏమన్నా సరే, రేపు డాక్టరు దగ్గరకు మీరే తోడు వెళ్లండి."

ఆయన జేబులోని కలము తీసి, ఆ అంకెలను కీర్తనల పుస్తకపు అట్టలోపల వ్రాసికొనెను. "వాడికి ఏ కూర ఇష్టమో కోడలిని అడగాలి" అని గొణుగుకొనుచు ఇంటిదారి పట్టెను.