సంప్రదాయం బరువు ఎవరిది?



ఉద్యోగం చేసే ఇల్లాలిని మనం తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇల్లూ, ఉద్యోగమూ, పండుగలూ పబ్బాలూ అన్నీ ఎలా చూసుకుంటున్నావమ్మా?" అంటాం. ఈ మాటలో ఆదరణ ఉంది, మెచ్చుకోలూ ఉంది. కాని ఆమెలాగే ఉద్యోగం చేస్తున్న ఆమె భర్తను ఎవరూ ఈ ప్రశ్న అడగరు. ఎందుకు అడగరు? ఈ వారం మనం ఆలోచించవలసిన సంగతి ఇదే.

"మా కాలంలో ఆడవాళ్లు గడప దాటేవారు కాదు, అందుకే కుటుంబాలు చక్కగా ఉండేవి" అనే పెద్దలు మనలో ఉన్నారు. ఒక్కసారి కొల్లేటి వైపు చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ఇక్కడి లంకల్లో మగవాడు తాటిదోనె మీద వెళ్లి కొర్రమేనో, జెల్లో, మట్టగిడసో పట్టుకొస్తే, వాటిని ఏరి, మిగిలినవి ఎండబెట్టి, గంపకెత్తుకొని ఊరూరా అమ్మి ఇల్లు నడిపినది ఆడవారే. గట్టు మీది పొలాల్లో నాట్లు వేసినదీ, కలుపు తీసినదీ వారే. మన అమ్మమ్మలు, నాయనమ్మలు గడప దాటలేదన్న మాట నిజం కాదు. వారు చేసినదానికి ఉద్యోగమని పేరు లేదు, అంతే.

మరి నేడు వచ్చిన తేడా ఏమిటి? గంపతో బయలుదేరిన తల్లి చంకన బిడ్డను వేసుకొని పోగలిగేది. లేదా పక్కింటి పిన్ని దగ్గర దింపి పోగలిగేది. ఒంట్లో బాగులేకపోతే ఒక పూట ఆలస్యంగా వెళ్లేది. తాడేపల్లిగూడెంలో పొద్దున్నే రైలెక్కి ఏలూరులో ఆఫీసుకో బడికో చేరవలసిన తల్లికి ఆ వెసులుబాటు లేదు. బ్యాంకు కౌంటరు పక్కన ఉయ్యాల కట్టడం కుదరదు. పక్కింటి పిన్ని కూడా ఈనాడు ఉద్యోగానికే పోతోంది. పని తీరు ఇంత మారినా, ఇంట్లో ఆమెపై పెట్టుకున్న ఆశలు మాత్రం మారలేదు.

ఈ మాటకు లెక్కలూ ఉన్నాయి. మన దేశంలో ప్రజలు రోజును ఎలా గడుపుతున్నారో తెలుసుకోవడానికి 2019లో కేంద్ర ప్రభుత్వం ఒక సర్వే జరిపింది. జీతం లేని ఇంటిపనిలో చేయి వేసిన స్త్రీలు నూటికి 81 మంది కాగా, మగవారు 26 మంది మాత్రమే. చేయి వేసిన వారిలో కూడా స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు పనిచేస్తే, మగవారు 97 నిమిషాలు పనిచేశారు. 299 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు!

"అంత కష్టమైతే ఉద్యోగం మానవచ్చుగా?" అని కొందరు అంటారు. కొల్లేటి కథే దీనికి జవాబు. సరస్సు నిండా చేపల చెరువులు లేచాయి. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను కొట్టివేశారు. సరస్సు బ్రతకాలంటే అది అవసరమే. కాని చెరువునే నమ్ముకున్న కుటుంబానికి రేపటి కూడు ఎక్కడిది? అటువంటి ఇంట్లో ఆడపిల్ల చదువుకొని నర్సో, టీచరో కావడం గొప్ప కోసం కాదు, గట్టెక్కడం కోసం. ఇష్టపడి ఇంటిపట్టున ఉండే తల్లిని తక్కువ చేయడం ఎంత తప్పో, ఉద్యోగానికి వెళ్లే తల్లిని స్వార్థపరురాలు అనడమూ అంతే తప్పు.

దూరదేశపు ఉదాహరణ ఒకటి చూద్దాం. అమెరికాలోని అలాస్కాలో యూకాన్, కస్కోక్విమ్ అనే రెండు నదుల డెల్టా ఉంది. అక్కడ యూపిక్ అనే ఆదిమజాతి ప్రజలు నివసిస్తారు. వారికి సాల్మన్ చేప ప్రాణాధారం. వేసవిలో కుటుంబమంతా నది ఒడ్డున విడిది చేసి చేపలు పట్టి, కోసి, ఆరబెట్టి, పొగపట్టి చలికాలానికి దాచుకోవడం వారి ఆచారం. మన కత్తిపీట లాగా వారి స్త్రీలకు 'ఉలువక్' అనే చంద్రవంక కత్తి ఉంటుంది. దానితో చేప కోయడం పిల్లలు తల్లుల దగ్గర, అమ్మమ్మల దగ్గర నేర్చుకుంటారు. నేడు ఆ స్త్రీలలో ఎందరో బడుల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో సాల్మన్ తగ్గి వేటపై ఆంక్షలు వచ్చినందున, ఆ విద్య పిల్లలకు అందుతుందో లేదోనన్న దిగులు వారికీ ఉంది. అక్కడి స్త్రీ కూడా మూడు పడవల మీద కాళ్లు పెట్టినట్టే బ్రతుకుతోంది. అయినా ఒక విషయం గమనించండి. చేపల విడిది ఒక్క మనిషి పని కాదు. ఒకరు వల లాగితే, ఒకరు కోస్తారు, మరొకరు కట్టెలు తెస్తారు, పిల్లలు చూసి నేర్చుకుంటారు. ఆచారం నిలవడానికి ఇల్లంతా కదులుతుంది.

మన ఇండ్లలో అలా జరుగుతోందా? ఆదివారం పూజ ముగియగానే గుడి ముంగిట ఎవరు నిలబడి కబుర్లు చెబుతున్నారో, ఎవరు కూర వండాలని పరుగున ఇంటికి పోతున్నారో చూడండి. క్రిస్మస్‌కు అరిసెలు ఉండాలంటాం. పిండి దంచేటప్పుడు, పాకం పట్టేటప్పుడు మనం ఎక్కడుంటాం? "మన పద్ధతులు పోతున్నాయి" అని బాధపడేవారు, ఆ పద్ధతుల కోసం తాము చేసే పని ఏమిటో చెప్పగలగాలి. ఒకరి నడుము విరిస్తే తప్ప నిలవని ఆచారం ఆ మనిషితోనే పోతుంది. కూతురు తల్లి అలసటను చూసి, ఆ పనికి దూరంగా పారిపోతుంది.

ఇంకొక మాట. సంప్రదాయం అంటే అన్నీ ఒక్కటి కావు. కలిసి ప్రార్థించడం, పెద్దలను దగ్గర ఉంచుకొని చూడటం, పండుగకు పొరుగువారికి పంచడం మనుషులను కలిపే ఆచారాలు. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలినది ఇల్లాలు తినడం, జీతం తెచ్చే కోడలు కావాలంటూనే కట్నం కూడా అడగడం, ఇవి ఆచారాలు కావు, అన్యాయాలు. కట్నాన్ని మన చట్టం 1961లోనే నిషేధించింది. మొదటివాటిని నిలుపుకోవడానికి సమయం చాలడం లేదంటే, రెండవవాటిని వదిలితే బోలెడు బలం మిగులుతుంది.

"మగవాడూ బయట చెమటోడుస్తున్నాడు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే, ఆ చెమటకు విలువ ఉంది. అయితే ఇద్దరూ బయట చెమటోడ్చి వచ్చిన సాయంత్రం, ఒకరికి విశ్రాంతి, మరొకరికి రెండవ పని అనడం ఏ న్యాయం? 1995లో జగద్గురువు రెండవ జాన్ పాల్ పోపుగారు స్త్రీలకు లేఖ రాస్తూ, ఉద్యోగం చేసే స్త్రీలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు తెలిపారు. కృతజ్ఞత మాటతో ఆగకూడదు, చేతికి రావాలి.

కనుక, తండ్రులారా, కొడుకుకు కూడా అన్నం వార్చడం నేర్పండి. అత్తగార్లారా, కోడలు రైలు దిగి వచ్చేసరికి పొయ్యి ఎవరు వెలిగించాలో ఇంట్లో అందరూ కూర్చొని మాట్లాడుకోండి. ఏ ఆచారం ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్నది ఆమెతో కలిసి తేల్చండి. ఇకమీదట ఉద్యోగం చేసే ఇల్లాలు కనబడితే, "అన్నీ ఎలా చూసుకుంటున్నావమ్మా?" అనకండి. "ఇందులో నేను చేయవలసినది ఏది?" అని మీ ఇంట్లోనే మొదట అడగండి.